ఫ్రేము దగ్గర కొలత టేపు తియ్యకండి

మేస్త్రీలకు, తమ్ముళ్లకు నమస్కారం. విశ్వకర్మ పూజ నాడు పనిముట్టు ముట్టం కాబట్టి మాటలకు తీరిక దొరికింది.

మన చంద్రపూర్ జిల్లా బల్లార్షా టేకు 2023లో అయోధ్య గుడి తలుపులకు పోయింది. మన వంటిళ్లకేమో ప్లైవుడ్, పైన సన్‌మైకా! ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లు కొందరు వంటింటి అల్మారాల ముందుకు మళ్లీ టేకు ఫ్రేము అడుగుతున్నారు. లోపలి అంచున సన్నటి బీడింగ్, అంటే గుండ్రటి అంచు ఉండాలి, తలుపు ఫ్రేములోనే ఒదిగి కూర్చోవాలి.

మనకు అలవాటైన పద్ధతి, ఫ్రేము బిగించాక బీడింగ్ ముక్కలు అతికించడం. ఒక గడికి, అంటే ఒక తలుపు పట్టే ఖాళీకి, 4 ముక్కలు, 8 ఏటవాలు కోతలు. 12 గడులకు 96. ఒకటి రెండు గడులకైతే నేనూ అదే చేస్తా. వంటిల్లంతా చెయ్యాలంటే మాత్రం ఫ్రేము పట్టీ అంచులోనే బీడింగ్ తియ్యాలి.

పట్టీలు తుంచకముందే, నిడుపుగా ఉన్నప్పుడే అన్నిటికీ రౌటర్ (అంచు చెక్కే మిషన్) తిప్పేయండి. రెండు పట్టీలు ఎక్కువే తియ్యండి. టేకు దాని బిట్టును (కోసే మొనను) తొందరగా మొద్దుబారుస్తుంది, కార్బైడ్‌దే వాడండి. చివరి విడత మిల్లీమీటరు మించి తియ్యకపోతే పెచ్చులు లేవవు.

అసలు చిక్కు అతుకు దగ్గర. బీడింగ్, దాని పక్క సన్నటి గీత కలిపి వెడల్పు 8 మిల్లీమీటర్లు అనుకోండి. అడ్డపట్టీ వచ్చే చోట నిలువుపట్టీలో 8 లోతున గాడి కొట్టాలి, దాని రెండు భుజాలూ 45 డిగ్రీల వాలు. నడిమి అడ్డపట్టీ 50 వెడల్పైతే, రెండంచులా బీడింగ్ ఉంటుంది కాబట్టి, గాడి మూతి 50, అడుగు 34. పట్టీ చివర మూలలు కూడా అంతే వాలుగా చెక్కితే లోపలికి దిగి కూర్చుంటుంది.

అడ్డపట్టీ పొడవు గడి వెడల్పు కాదు, దానికి రెండు 8లు కలపాలి. 400 గడికి 416. నేను మొదటిసారి అది మరిచి 14 పట్టీలు కోసేశా. అన్నీ సొరుగుల లోపలికి పోయాయి, మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే టేపు వద్దంటున్నా. ఒక కర్రమీద గుర్తులన్నీ ఒకేసారి గీసుకోండి, ప్రతి నిలువుపట్టీనీ దాని పక్కన పెట్టి గీయండి. ఒకే పొడవు పట్టీలన్నీ ఒకే అడ్డు దిమ్మకు ఆనించి కొయ్యండి. రంపం బ్లేడు ఒకసారి 45కి వంచితే, వాలు కోతలన్నీ ముగిసేదాకా లేపొద్దు. ముందు పారేసే ముక్కల్లో అతుకు సరిపోయిందా చూశాకే మంచి చెక్క ముట్టండి.

తలుపు చుట్టూ సందు 2 మిల్లీమీటర్లు వదలండి. మే నెల చంద్రపూర్ ఎండలో బిగుతుగా కూర్చోబెట్టిన తలుపు శ్రావణంలో తెరుచుకోదు, ఇంటావిడ ఫోను మీకే వస్తుంది.

చేసి చూపిద్దామంటే మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయి. రేపు పొద్దున షెడ్డుకు రండి, మీ చెక్క మీరే తెచ్చుకోండి.