వెస్ట్‌మినిస్టర్ అబేకి డూపులు

అందరికీ నమస్కారం. సినిమాల్లో, టీవీలో కెథడ్రల్స్ గురించి మాట్లాడమని ఫిల్మ్ సొసైటీ మిత్రులు అడిగారు. అంశం మరీ పెద్దది. దేశదేశాలూ తిరిగితే దేనికీ న్యాయం జరగదు. అందుకే ఎక్కువ సేపు ఇంగ్లండ్‌లోనే ఉంటాను. మధ్యలో ఒకటి రెండుసార్లు బయటికి వెళ్ళొస్తాను.

నేను చెప్పదలుచుకున్నది ఇది: తెర మీద మనం చూసే కెథడ్రల్స్‌లో చాలావాటికి అక్కడ సొంత పేరు ఉండదు. అవి ఇంకో భవనానికి డూపులు. హీరో చెయ్యనన్న ఫైటు డూపు చేసినట్టు, అసలు భవనం ఒప్పుకోని షాటుకి వేరే ఊళ్లో భవనం నిలబడుతుంది.

ఆ హీరో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబే. 1066 నుంచి ఇంగ్లండ్ పట్టాభిషేకాలు జరుగుతున్నది అక్కడే. రాజుల పెళ్లిళ్లు, అంత్యక్రియలు, పెద్దపెద్దవాళ్ల సమాధులు ఎన్నో అక్కడే. రాజు కథ తీసేవాడికి అబే లేకుండా కుదరదు. అబేవాళ్లకి మాత్రం సినిమావాళ్లతో పని లేదు. రోజూ ప్రార్థనలు, టికెట్ కొని వచ్చే జనం, వీటితోనే సరిపోతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అని మనలో చాలామంది అనుకుంటాం. సైజుతో దానికి సంబంధం లేదు. బిషప్ పీఠం అక్కడ ఉండాలి, అంతే. మన మెదక్ చర్చిని ఊరంతా చర్చి అనే అంటుంది గానీ, మెదక్ డయోసిస్ బిషప్ పీఠం ఉన్నది అక్కడే కాబట్టి అది అచ్చమైన కెథడ్రల్. వెస్ట్‌మినిస్టర్ అబే అంత పెద్దదయ్యీ ఇవాళ కెథడ్రల్ కాదు. పదహారో శతాబ్దంలో కొన్నేళ్లు అలా ఉండి, తర్వాత ఏ బిషప్ అజమాయిషీ లేకుండా నేరుగా సింహాసనం కిందికి వెళ్లిపోయింది. అంటే కెథడ్రల్ కానిదానికి నిఖార్సైన కెథడ్రల్స్ డూపులు వేస్తున్నాయన్నమాట.

ఇంగ్లండ్‌లోనే లింకన్ అనే ఊరి కెథడ్రల్ సంగతి చూడండి. 2005లో ‘ద డావిన్చీ కోడ్’ యూనిట్ ముందు అబేనే అడిగింది. కథలో ఒక ముఖ్యమైన ఆధారం న్యూటన్ సమాధి దగ్గర దొరకాలి, ఆ సమాధి ఉన్నది అబేలో. సినిమాకి మూలమైన నవల క్రైస్తవ సిద్ధాంతం ముందు నిలబడేది కాదంటూ అబేవాళ్లు మొహమాటం లేకుండా పొమ్మన్నారు. యూనిట్ లింకన్ వెళ్లింది. అక్కడి డీన్‌కి, అంటే కెథడ్రల్ పెద్దకి కూడా నవల మీద ఏమీ గౌరవం లేదు, చెత్త అనే అన్నాడు. కానీ అది లేవనెత్తే ప్రశ్నల గురించి మాట్లాడుకోవడంలో తప్పేముందన్నది ఆయన వాదన. కెథడ్రల్‌కి లక్ష పౌండ్లు ముట్టాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ రెండు కారణాల్లో ఏది ఎక్కువ బరువు తూగిందో మీరే ఊహించుకోండి. నాకైతే డబ్బు కోసం ఒప్పుకోవడం కూడా పెద్ద తప్పుగా తోచదు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల రాయి ఊరికే నిలబడదు కదా, ఎక్కడో ఒకచోట ఎప్పుడూ మరమ్మతు నడుస్తూనే ఉంటుంది. అందరూ నాలాగే అనుకోలేదు. ఒక సన్యాసిని గుమ్మం బయట పన్నెండు గంటలు మోకరిల్లి ప్రార్థన చేస్తూ నిరసన తెలిపింది.

షూటింగ్ ఎక్కువగా చాప్టర్ హౌస్‌లో, దాని పక్క వరండాల్లో జరిగింది. చాప్టర్ హౌస్ అంటే మతాధికారులు సమావేశమయ్యే గది. అబే చాప్టర్ హౌస్‌కి ఎనిమిది పక్కలు, లింకన్‌దానికి పది. ఆ తేడా ఎవరూ లెక్కపెట్టరని ధైర్యం. కానీ అబే గోడల మీద పాత చిత్రాలున్నాయి, లింకన్‌లో లేవు. రాతి మీద రంగు పడకూడదు కాబట్టి గోడకి ముందు ప్రత్యేకంగా ఒక పొర వేసి, దాని మీద బొమ్మలు గీశారు. న్యూటన్ సమాధిని థర్మోకోల్‌తో చేశారు. గంటగంటకీ మోగే ‘గ్రేట్ టామ్’ అనే పెద్ద గంటని ఆ ఆగస్టులో 15 నుంచి 19 దాకా ఆపేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అది మూగబోవడం అదే మొదటిసారి. షూటింగ్ అయ్యాక ఆ బొమ్మల్నీ, థర్మోకోల్ సమాధినీ కొన్నాళ్లు జనానికి చూపించి, 2008 జనవరిలో వేలం వేశారు. ఆ డబ్బు కూడా కెథడ్రల్‌కే. మన దగ్గర సెట్టు విప్పితే ప్లైవుడ్డు ఎటు పోతుందో ఎవరికీ తెలీదు!

లింకన్‌కి అక్కడితో డూపు వేషాలు ఆగలేదు. ‘ద యంగ్ విక్టోరియా’లో మళ్లీ అబే. 2023లో రిడ్లీ స్కాట్ ‘నెపోలియన్’లో ఏకంగా పారిస్ నోత్రదామ్. ఇది చూసి కొంతమందికి ఒళ్లు మండింది, ఫ్రెంచి చక్రవర్తి ఇంగ్లిష్ చర్చిలో కిరీటం పెట్టుకోవడమేమిటని. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే 1804 డిసెంబరు 2న అసలు పట్టాభిషేకం జరిగినప్పుడు నోత్రదామ్ కూడా నోత్రదామ్‌లా లేదు. పెర్సియే, ఫాంటేన్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఆ పాత గోతిక్ రాతిని దాచేసి, పురాతన రోమన్ పద్ధతిలో తాత్కాలిక అలంకరణ కట్టారు. నెపోలియన్‌కి రోమ్ చక్రవర్తి హంగు కావాలి, మధ్యయుగం వద్దు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే వాళ్లిద్దరూ ఆర్ట్ డైరెక్టర్లు, అది సెట్టు.

ఇక ఈలీ. కేంబ్రిడ్జ్‌కి దగ్గర్లో, పల్లపు భూముల మధ్య ఉన్న చిన్న ఊరు. ‘ద కింగ్స్ స్పీచ్’ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: పట్టాభిషేకం ముందు రాజుగారు అబేలో రిహార్సల్‌కి వస్తాడు, ఆయనకి నత్తి పోగొట్టే ఆస్ట్రేలియావాడు వెళ్లి సింహాసనం మీద దర్జాగా కూచుంటాడు, రాజుగారు మండిపడతాడు. ఆ కోపంలో నత్తి లేకుండా మాట్లాడేస్తాడు. ఆ అబే ఈలీయే. ‘ద క్రౌన్’ సీరియల్లో ఎలిజబెత్ పెళ్లి కూడా ఈలీలోనే తీశారు. కనిపెట్టడం కష్టం కాదు. అబే మధ్య హాలులో కమానులు సన్నగా, పొడుగ్గా, మొన తేలి ఉంటాయి. ఈలీ హాలు అంతకంటే పాతది, నార్మన్ల కాలంనాటిది, కమానులన్నీ గుండ్రంగా, స్తంభాలు లావుగా ఉంటాయి. రాజుగారి తల వెనకాల గుండ్రటి కమాను కనబడిందా, మీరు లండన్‌లో లేరు.

డూపు వల్ల లాభం ఏమిటో కూడా ‘ద క్రౌన్’లోనే కనిపిస్తుంది. 1953 జూన్ 2న ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని టీవీలో చూపించారు. ముందు కెమెరాలు గాయకులు కూచునే చోటుకి ముందున్న అడ్డుగోడ దాటి లోపలికి రాకూడదన్నారు. పత్రికలు గోల చేస్తే దిగొచ్చారు. అయినా ఒక షరతు మిగిలింది: రాణికి పవిత్ర తైలం పూసే ఘట్టం చూపకూడదు. ఆమె మీద పందిరి పట్టారు, కెమెరా మొహం తిప్పుకుంది. సీరియల్లో ఆ ఎపిసోడ్‌ని ఎలా రాశారంటే, గద్దె వదులుకున్న పెదనాన్న పారిస్‌లో స్నేహితులతో కూచుని టీవీ చూస్తుంటాడు. సరిగ్గా ఆ ఘట్టం దగ్గర ఆ టీవీలో ఏమీ కనబడదు. మనకి మాత్రం కనబడుతుంది. సీరియల్ కెమెరా పందిరి కిందికి వెళ్లిపోతుంది. అసలు చోట ఒప్పుకోని దృశ్యాన్ని మారుచోట మనం తీరిగ్గా చూస్తాం. ఈ మధ్యకాలంలో టీవీలో నాకు బాగా నచ్చిన ఎడిటింగుల్లో అదొకటి.

గ్లోస్టర్ కథ వేరు. అది ఏ నిజమైన భవనానికీ డూపు కాదు, అసలు లేని బడికి డూపు. హ్యారీ పోటర్ మొదటి రెండు సినిమాల్లోనూ, ఆరోదాంట్లోనూ హాగ్వార్ట్స్ వరండాలంటూ చూపింది గ్లోస్టర్ కెథడ్రల్ వరండాలే. పైకప్పు నిండా విసనకర్ర ఆకారంలో విచ్చుకున్న రాతి పక్కటెముకలు, పద్నాలుగో శతాబ్దంలో మొదలైన పని. ఒక వైపు వరసగా చిన్నచిన్న గూళ్లున్నాయి, ఒక్కో గూట్లో ఒక్కో సన్యాసి కూచుని చదువుకునేవాడు. బడి తీయడానికి అంతకంటే ఏం కావాలి? అయితే చర్చిని బడిగా మార్చడానికి కట్టిన దానికంటే కప్పిందే ఎక్కువ. స్విచ్చులు, తాళాలు కనబడకుండా రాతి రంగు వేసిన పలకలు పెట్టారు. నేల మీద సమాధి పలకలుంటే వాటి మీద కప్పులకి వేసే ఫెల్టు పరిచి, బండల్లా రంగు వేశారు. కిటికీల రంగు అద్దాల్లో సాధువుల తల వెనక కాంతి చక్రాలుంటే వాటినీ మరుగుపరిచారు, బట్టల్లేని ఆదాము, అవ్వలకి కూడా ఏదో అడ్డం పెట్టారు. చర్చిలో మంత్రగాళ్ల సినిమా ఏమిటని ఊళ్లో కొందరు గొడవపడ్డారు. తీరా ఆ సినిమా చూసి వచ్చిన పిల్లలతోనే వరండాలు నిండిపోయాయి. డరమ్ కూడా ఇదే బాపతు. హ్యారీ మంచులో గుడ్లగూబని ఎగరేసింది అక్కడి వరండాల మధ్య ముంగిట్లోనే. తర్వాత ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’లో అదే డరమ్ థోర్ ఊరైంది.

బయటి దేశాల్లో కూడా ఇదే వరస, త్వరగా చెప్పేస్తాను. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆరో సీజన్లో గుర్రం మీద మెట్లెక్కే సీను స్పెయిన్‌లో జిరోనా కెథడ్రల్ ముందు తీశారు. ‘గాడ్‌ఫాదర్’లో బాప్టిజం లోపలి దృశ్యాలు న్యూయార్క్ పాత సెయింట్ పాట్రిక్స్‌లోవి, బయటి దృశ్యాలు స్టాటెన్ ఐలండ్‌లో వేరే చర్చివి. నోత్రదామ్ గూనివాడి కథకి 1923లోనూ, 1939లోనూ హాలీవుడ్‌వాళ్లు కాలిఫోర్నియాలోనే నోత్రదామ్ కట్టుకున్నారు. 2019 ఏప్రిల్ 15న అసలు నోత్రదామ్ కాలిపోయాక, ఆ మంటల మీద జాన్ జాక్ అన్నో సినిమా (2022లో విడుదలైంది) తీస్తే, కాలినదాంట్లో తీయలేరు కాబట్టి బూర్జ్, సాన్స్ కెథడ్రల్స్ దాని వేషం వేశాయి. తగలబెట్టాల్సిన భాగాలు మాత్రం స్టూడియోలో సెట్లు.

మళ్లీ ఇంగ్లండ్‌కి వస్తే, వెల్స్ అనే ఊరిది ఇంకా విచిత్రం. ‘హాట్ ఫజ్’ దర్శకుడు ఎడ్గర్ రైట్ పెరిగిన ఊరు అది, సినిమా తీసింది కూడా ఆ ఊళ్లోనే. కానీ కథ ఒక చిన్న పల్లెటూళ్లో. అంత పెద్ద కెథడ్రల్ వెనకాల కనబడితే పల్లెటూరని ఎవడు నమ్ముతాడు? గ్రాఫిక్స్‌లో చెరిపేశారు. మిగతావాళ్లు కెథడ్రల్ కోసం ఊళ్లు తిరుగుతుంటే ఈయన ఉన్నదాన్ని తీసేయించడానికి డబ్బు ఖర్చుపెట్టాడు.

డూపు వేషాలకి అలవాటుపడ్డ ఈలీకి ఒకసారి సొంత పేరుతో కనిపించే అవకాశం వచ్చింది. 1973లో అమెరికన్ కండక్టర్ లెనర్డ్ బెర్న్‌స్టైన్ అక్కడ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మాలర్ రెండో సింఫనీ వాయించాడు, దాన్ని టీవీ కోసం చిత్రీకరించారు. 2023లో విడుదలైన, బెర్న్‌స్టైన్ జీవితం మీది ‘మాయెస్ట్రో’ తీసేటప్పుడు బ్రాడ్లీ కూపర్ మళ్లీ ఈలీకే వెళ్లి, అదే ఆర్కెస్ట్రాని నిలబెట్టి ఆ ఘట్టం తీశాడు. మామూలుగా అలాంటి రాతి హాళ్లలో సౌండ్ రికార్డిస్టుకి నరకం. మాట ఒకటైతే ప్రతిధ్వని పది, అక్కడ తీసిన డైలాగులు తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పించుకోవాల్సి వస్తుంది. ఇక్కడ ఆ ప్రతిధ్వనే కావాలి, ఆఖరి స్వరం ఆగిన తర్వాత కూడా హాలంతా తిరుగుతూ ఉండాలి.

రెండు క్లిప్పులు తెచ్చాను. ముందు 1973 టీవీ రికార్డింగ్, వెంటనే సినిమా. కండక్టర్ చేతుల్ని అందరూ చూస్తారు. మీరు కెమెరా ఎక్కడ నిలబడింది, ఎప్పుడు కదిలింది, కమానుల్ని ఎప్పుడు ఫ్రేములోకి రానిచ్చింది, అది గమనించండి. ప్రశ్నలు ఆ తర్వాత. లైట్లు ఆపుతారా?