స్టాప్‌లాస్ పెట్టినా రిజల్ట్స్ రోజు ఎందుకు మునుగుతాం?

"అన్నా, ఇయ్యాల సాయంత్రం రిజల్ట్స్ ఉన్నయి, స్టాప్‌లాస్ పెట్టిన, ఇంక టెన్షన్ లేదు." హన్మకొండలో ఉండే తమ్ముడొకడు కంపెనీలు తమ లాభనష్టాల లెక్క (అదే రిజల్ట్స్, ఫలితాలు) చెప్పేటప్పుడల్లా, అంటే మూడు నెలలకోసారి, నాకు ఇదే మెసేజ్ పెడతాడు. ప్రతిసారీ చెప్తాను, ప్రతిసారీ మళ్లీ పెడతాడు. అందుకే ఈ వీడియో.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకి వెళ్దాం. మీరు మిర్చి రైతు. శుక్రవారం తేజ రకం క్వింటాల్ 15,000 పలికిందనుకోండి. శని, ఆదివారాలు యార్డు బంద్. మీకు పనుంది, కొడుకుని పంపుతూ చెప్పారు: "14,500 కంటే తగ్గితే ఆగకు, అమ్మెయ్." ఇదే స్టాప్‌లాస్, షేరు రేటు ఇంతకంటే పడితే అమ్మెయ్ అని ముందే పెట్టే ఆర్డర్. సోమవారం పొద్దున జెండా పాటే, అంటే ఆ రోజు పై రేటు తేల్చే వేలమే, 13,000 దగ్గర ఆగింది. 14,500 అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు. కొడుకు మీ మాట జవదాటలేదు, తగ్గింది కాబట్టి అమ్మాడు, కాకపోతే 12,800కి. ఒకవేళ "14,400 కంటే తక్కువకి మాత్రం ఇవ్వకు" అని కూడా చెప్పి ఉంటే, అది లిమిట్ ఆర్డర్, బస్తాలు అక్కడే ఉంటాయి, రేటు ఇంకా కిందికి పోతుంది.

(స్క్రీన్ మీద ఇన్ఫోసిస్ చార్ట్)

2023 ఏప్రిల్ 13, గురువారం. మార్కెట్ మూసేశాక ఇన్ఫోసిస్ ఫలితాలు వచ్చాయి. శుక్రవారం అంబేద్కర్ జయంతి సెలవు, తర్వాత శని, ఆది. మూడు రోజులు యార్డు బంద్ అన్నట్టే. గురువారం పెట్టిన మామూలు స్టాప్‌లాస్ 3:30కే రద్దయిపోతుంది, జీటీటీ (రోజు మారినా రద్దు కాకుండా ఉండే ఆర్డర్) పెట్టినవాళ్లది ఉంటుంది, ఉండి మాత్రం ఏం చేస్తుంది? సోమవారం షేరు పది శాతం దరిదాపుల్లో కిందే మొదలై, 9 శాతానికి పైగా నష్టంతో ముగిసింది.

తమాషా ఏంటంటే, అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఆ మూడు నెలల లాభం పెరిగింది! మరి ఎందుకు పడింది?

మళ్లీ యార్డుకే. ఖరీదుదారు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి పిడికెడు కాయ తీస్తాడు. తొడిమ పట్టుకుని ఒక్క కాయ వంచుతాడు. ఫట్‌మని విరిగితే సరే, మెత్తగా వంగిందంటే తేమ ఉందని మొహం తిప్పేస్తాడు. మీ కాయ పోయినేటి కంటే మేలే కావచ్చు, ఆయనకి కావలసింది తాను అనుకున్నంత ఎండిందా లేదా అన్నదే. ఇన్ఫోసిస్ ఆ ఏడాది ఆదాయం 16 నుంచి 16.5 శాతం పెరుగుతుందని చెప్పి 15.4 దగ్గర ఆగింది, పై ఏడాదికి 4 నుంచి 7 శాతమే అంది. కాయ వంగింది, అంతే. "లాభం పెరిగింది కదా అన్నా" అనేవాళ్లని నేను ఒకసారి యార్డులో నిలబెట్టాలి నిజానికి.

మరి చేయాల్సింది? రేటు మన చేతుల్లో లేదు, ఎన్ని బస్తాలు తీసుకెళ్లాలన్నది ఉంది. మీ దగ్గర 2 లక్షల విలువైన ఒక కంపెనీ షేర్లున్నాయి, ఒక్క దెబ్బకి 4,000 పోయినా తట్టుకోగలరు అనుకోండి. షేరు రాత్రికి రాత్రి 10 శాతం పడొచ్చని లెక్కేస్తే, ఫలితాల రోజు చేతిలో ఉండాల్సింది 40,000 విలువ మాత్రమే, మిగతాది ముందు రోజే అమ్మెయ్యాలి. పది ఎందుకు, ఐదు వేసుకుందాం అంటారా, ఆ కంపెనీ గత ఎనిమిది ఫలితాల మర్నాడు ఎంత కదిలిందో చార్టులో చూసి అందులో పెద్దది వేసుకోండి. నేను ఒకసారి ఇదేమీ చూడకుండా ఒక చిన్న కంపెనీ షేర్లు నిండా పెట్టుకుని కూర్చున్నాను, పొద్దున 9:08కి ప్రీ-ఓపెన్‌లో (మార్కెట్ తెరిచే ముందు మొదటి రేటు తేలే సమయంలో) రేటు చూసి చేతిలో చాయ్ చల్లారిపోయింది.

టైం అయిపోతోంది, గబగబా రెండు మాటలు. ఫలితాల ముందు కాల్ (షేరు పెరుగుతుందని పెట్టే పందెం లాంటి ఆప్షన్) కొని కూర్చుంటే, షేరు పెరిగినా ప్రీమియం, అంటే ఆ కాల్ రేటు, పడిపోవచ్చు, ఎందుకంటే ఏమవుతుందో తెలియదన్న భయానికి కూడా మీరు ముందు రోజు డబ్బు కట్టారు, పాట తెగాక ఆ భయం ఉండదు. ఎఫ్ అండ్ ఓలో (ఇలాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలో) 100లో 93 మంది మామూలు ట్రేడర్లు నష్టపోయారని మార్కెట్‌ని నియంత్రించే సెబీయే 2024లో చెప్పింది, కాబట్టి ఆ వైపు నన్ను అడగకండి. రెండోది, ఎఫ్ అండ్ ఓలో లేని చిన్న షేర్లకి లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకి ఇంతకంటే కిందికి పోకూడదన్న హద్దు) పడితే, పాట పాడేవాడే రాడు, బస్తాలు తిరిగి ఇంటికే.

కొన్ని పెద్ద బ్యాంకులు తరచూ శనివారం ఫలితాలు ఎందుకు ఇస్తాయన్నది ఇంకో వీడియోలో, ఫోన్‌లో 3 శాతం ఛార్జింగే ఉంది.