పేరు పెట్టి పిలిస్తే సరిపోదు: పొగ మాన్పించే ఆన్‌లైన్ కార్యక్రమం ఎవరికి తగ్గట్టు వారికి

అందరికీ నమస్కారం.

పొగ మానాలనుకున్న మనిషి ఫోన్‌లో ఒక కార్యక్రమంలో చేరతారు. అడిగిన ఇరవై ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబులిస్తారు. మర్నాడు సందేశం వస్తుంది. మొదట వారి పేరు, ఆ తరువాత అందరికీ వెళ్ళే మాటే. "ఇన్ని అడిగింది ఇందుకా" అనిపించాక మళ్ళీ ఆ యాప్ తెరవరు. అందుకే కార్యక్రమం తయారుచేసేవాళ్ళు ముందుగా ఒక నియమం పెట్టుకోవాలి. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ మనిషి చూసేదాంట్లో ఏదో ఒకటి మారాలి. ఏమీ మారకపోతే ఆ ప్రశ్న తీసేయాలి.

తీసేయకూడని ప్రశ్నలు రెండున్నాయి. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారు? రోజుకు ఎన్ని తాగుతారు? 1991లో వచ్చిన ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో ఆరు ప్రశ్నలుంటాయి. వ్యసనం ఎంత బలంగా ఉందో ఎక్కువగా తేల్చేవి ఈ రెండే. మొదటిదానికి 5 నిమిషాల లోపు అంటే 3 మార్కులు, 6 నుంచి 30 నిమిషాలకు 2, 31 నుంచి 60కి 1, గంట దాటితే సున్నా. రెండోదానికి 10 లేదా అంతకన్నా తక్కువైతే సున్నా, 11–20కి 1, 21–30కి 2, 31 నుంచి 3. నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి రక్తంలో సగానికి పడిపోతుంది. రాత్రంతా నిద్రపోయి లేచేసరికి నిల్వ అడుగంటుతుంది. కళ్ళు తెరవగానే చెయ్యి పెట్టె మీదికి పోయే మనిషికి ధైర్యవచనాలు చాలవు, మందు కావాలి.

ఆ జవాబు మీదే మోతాదు ఆధారపడుతుంది. రోజుకు 10 కన్నా ఎక్కువ తాగేవారికి సాధారణంగా చర్మం మీద అతికించే 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్‌తో మొదలుపెట్టి ఆరు వారాలు వాడిస్తారు. తరువాత 14 మి.గ్రా. రెండు వారాలు, 7 మి.గ్రా. రెండు వారాలు. అంతకన్నా తక్కువ తాగేవారు 14తో మొదలుపెడతారు. నికోటిన్ గమ్ వాడేవారిలో లేచిన అరగంటలోపు వెలిగించేవారికి 4 మి.గ్రా., మిగతావారికి 2 మి.గ్రా. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు అయితే కార్యక్రమం మోతాదు చెప్పకూడదు. నేరుగా వైద్యుల దగ్గరికి పంపాలి.

మందు దగ్గర ఎక్కువ కార్యక్రమాలు చేసే తప్పు ఒకటుంది. "వాడుతున్నారా?" అని అడిగి ఊరుకుంటాయి. అడగాల్సింది "ఎలా వాడుతున్నారు?" అని. నికోటిన్ గమ్‌ను మామూలు గమ్‌లా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్ళు, వికారం వస్తాయి, యావ మాత్రం తగ్గదు. చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగుళ్ళకూ మధ్య పెట్టి ఉంచాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పావుగంట దాకా గమ్ నోట్లో వేసుకోకూడదు, ఆ పులుపు నికోటిన్‌ను నోటి పొరలోకి ఇంకనివ్వదు. ఇవన్నీ మొదటి రోజే ఒక పేజీ నిండా చెబితే ఎవరూ చదవరు. రెండో రోజు "గమ్ వాడాక ఎక్కిళ్ళు వస్తున్నాయా?" అని అడిగి, అవునన్నవారికే నమిలే పద్ధతి చూపించండి. ప్యాచ్ పెట్టుకుని పీడకలలు వస్తున్నాయన్నవారికి పడుకునే ముందు తీసేయమనాలి. అలా తీసేస్తే తెల్లవారేసరికి యావ గట్టిగా ఉంటుంది కాబట్టి గమ్ మంచం పక్కనే పెట్టుకోమని ఆ సందేశంలోనే చెప్పాలి.

ఇంకో ప్రశ్న చాలామంది మరిచిపోతారు: ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు? పొగలోని తారు పదార్థాలు కాలేయంలోని ఒక ఎంజైమ్‌ను ఉరకలెత్తిస్తాయి. మానసిక జబ్బులకిచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్, ఆయాసానికిచ్చే థియోఫిలిన్ లాంటి మందులు పొగతాగేవారి ఒంట్లో త్వరగా కరిగిపోయేది అందుకే. పొగ ఆపితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. వీటిలో ఏది వాడుతున్నా మానే రోజుకు ముందే వైద్యులకు చెప్పమని హెచ్చరించాలి. కాఫీలోని కెఫీన్‌దీ ఇదే దారి. అదే రెండు కప్పులు ఇప్పుడు నాలుగు కప్పుల్లా పనిచేయవచ్చు. గుండె దడ, నిద్రలేమి మొదలైతే పొగ మానడం వల్లే అనుకుని మళ్ళీ వెలిగిస్తారు. కాఫీ సగానికి తగ్గించమన్న ఒక్క సలహా, అదీ కాఫీ తాగేవారికే పంపితే, ఎంతో మేలు చేస్తుంది.

ఇక వదిలేయదగ్గ ప్రశ్న. మానాలని ఆలోచించడం, సిద్ధపడటం, మానడం లాంటి మార్పు దశల్లో మనిషి ఎక్కడున్నారో కనుక్కుని దాన్నిబట్టి సందేశం పంపడం, 1983లో మనస్తత్వవేత్తలు ప్రొచాస్కా, డిక్లెమెంటె చెప్పినప్పటి నుంచీ అలవాటైన పద్ధతి. దశల ప్రకారం ఇచ్చిన సహాయం మామూలు సహాయం కన్నా మెరుగ్గా పనిచేయలేదని వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2010 నాటి సమీక్ష తేల్చింది. దానికి బదులు మానే తేదీ పెట్టుకుంటారా అని అడగండి, చాలు. తగ్గించుకుంటూ పోవాలా, ఒక్కసారే ఆపాలా అని వారు అడిగితే ఒక్కసారే అనండి. 2016లో ప్రచురితమైన, 697 మందితో చేసిన పరీక్షలో నాలుగు వారాలకు ఒక్కసారే ఆపినవారిలో 49 శాతం, తగ్గించుకుంటూ వచ్చినవారిలో 39.2 శాతం మానేసి ఉన్నారు. అయినా తగ్గించుకునే పోతానన్నవారిని కాదనకండి, వారికో రెండు వారాల ప్రణాళిక ఇవ్వండి.

సందేశం వేళ కూడా మనిషిని బట్టే. రోజులో కష్టమైన మూడు వేళలు వారినే చెప్పమని, పది పదిహేను నిమిషాల ముందు పంపండి. ఫోన్ ఎక్కడుందో పసిగట్టే పద్ధతులూ వచ్చాయి. వాటికి బ్యాటరీ ఖర్చు, నమ్మకం ఖర్చు రెండూ ఉన్నాయి. అడిగితే చెప్పేదాన్ని నిఘాతో తెలుసుకోవడం ఎందుకు? ప్రశాంతంగా ఉన్న మనిషికి "యావ వేస్తోందా?" అని పంపి గుర్తుచేయడం అన్నిటికన్నా చెడ్డది.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సిన చోటు, మనిషి జారిన రోజు. మూడో రోజు సిగరెట్ తాగినవారికి ఏడో రోజు "వారం పూర్తయింది, అభినందనలు" అని వెళుతుంది. వారు ఎవరికీ చెప్పకుండా సిగ్గుపడి తప్పుకుంటారు. "ఒకటి తాగాను" అన్న మీట మొదటి తెర మీదే ఉండాలి. అది నొక్కితే మందలింపు రాకూడదు, ప్రశ్న రావాలి: ప్యాచ్ ఆపేశారా, పక్కన ఎవరైనా తాగుతున్నారా, మద్యం పుచ్చుకున్నారా, మనసు బాగాలేదా? ప్యాచ్ ఆపినవారికి మళ్ళీ పెట్టుకోమనాలి. మద్యం దగ్గర జారినవారికి వచ్చే రెండు వారాలు దాని జోలికి పోకుండా ఉండే దారి చెప్పాలి. లెక్కను సున్నాకు దించకండి. "13 రోజుల్లో 12 రోజులు పొగ లేదు" అని చూపండి, అది నిజం కూడా. వారు మళ్ళీ రోజూ తాగుతున్నామంటే కొత్త తేదీ అడగండి. తేదీ మారితే దాని వెనకున్న సందేశాల వరుసంతా జరగాలి. చాలా కార్యక్రమాల్లో తేదీ జరుగుతుంది, వరుస పాతచోటే ఉండిపోతుంది.

2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరీక్షలో 5,800 మంది పాల్గొన్నారు. యావ వేసినా, జారినా ఒక్క మాట పంపితే వెంటనే జవాబొచ్చే మెసేజీల కార్యక్రమమది. ఆరు నెలలకు, శరీర పరీక్షతో నిర్ధారించి చూస్తే, ఆ మెసేజీలు అందినవారిలో 10.7 శాతం, మిగతావారిలో 4.9 శాతం మానేశారు. మీ కార్యక్రమం 40 శాతం మాన్పించిందని తేలితే లెక్క సరిచూసుకోండి. వెయ్యిమంది చేరి, 200 మంది జవాబిచ్చి, వారిలో 80 మంది మానేశామంటే అది 40 శాతం కాదు, 8 శాతం. జవాబివ్వనివారిని తాగుతున్నట్టే లెక్కించాలి.

విడుదలకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. పదిమంది కల్పిత మనుషుల్ని తయారుచేయండి: లేవగానే వెలిగించేవారు, గర్భిణి, క్లోజపిన్ వాడేవారు, రెండో రోజే జారినవారు, తేదీ రెండుసార్లు మార్చినవారు. ఒక్కొక్కరికీ 30 రోజుల్లో వెళ్ళే సందేశాలన్నీ కాగితం మీద వరుసగా అచ్చువేసి, కార్యక్రమంతో సంబంధం లేని మనిషికిచ్చి గట్టిగా చదివించండి. ఎక్కడ ఆగి మీ ముఖం వైపు చూస్తారో ఆ వాక్యం తిరగరాయాలి.