షోరూంల అద్దాల వెనక గది: కామర్స్ పిల్లలతోని నాలుగు ముచ్చట్లు

(హన్మకొండల ఒక డిగ్రీ కాలేజీల మాట్లాడినదాని పాఠం)

అందరికీ నమస్తే. వెనక బెంచీలోళ్లకు మైక్ ఇనవడ్తుందా? సరే. కార్ల షోరూం అంటే మా పిల్లలు సేల్స్ ఒక్కటే అనుకుంటున్నరు, జర వేరే సంగతి చెప్పుమని మేడం అడిగింది. నేను సేల్స్ ఒక్కరోజు కూడా చెయ్యలే. 2011ల బీకాం అయిపోంగనే ఒక షోరూంల బిల్లింగుల చేరిన, ఇప్పుడు ఇంకో డీలర్ దగ్గర అడ్మిన్, అకౌంట్స్ రెండూ చూస్తున్న. కారు నడుపుడు మాత్రం మూడేండ్ల కిందనే నేర్చుకున్న, నవ్వకుండ్రి.

మీరు రోడ్డు మీద పోతుంటే అద్దాల వెనక కార్లు కనవడ్తయి గదా, అవన్నీ ఓనరువే అనుకుంటరు. చానా మటుకు బ్యాంకు పైసలతోని వచ్చినయే. కంపెనీల బిల్లు కాంగనే బ్యాంకు పైసలు కట్టేస్తది, వడ్డీ లేని రోజులు ఏమన్నా ఉంటే అవి అయిపోయినంక మీటర్ తిరుగుడు మొదలు. పది లక్షల కారు, వడ్డీ పది శాతం అనుకోండ్రి, రోజుకు 274 రూపాయలు. ఒక్క కారుకు ఏమనిపియ్యది. గసొంటివి యార్డుల నలభై నిలబడితే రోజుకు పదకొండు వేలు, ఆదివారం కూడా. ఇగ ఆషాఢంల, మూఢాలల్ల, పెత్తరమాసకు ముందు పదిహేను రోజులు మనోళ్లు బండి ఇంటికి తీస్కపోరు, కంపెనీ టార్గెట్‌కేమో ఆషాఢం తెల్వదు. ఏ రంగు ఎన్ని ఉన్నయి, అరవై రోజులు దాటినయి ఎన్ని అని ఏజింగ్ షీటు పొద్దున పొద్దున తీసేది అడ్మిన్ల ఒక పిల్లనో పిలగాడో. చానామంది తీసి మెయిల్ కొట్టి టీకి పోతరు. దాన్ని సదివి "సార్, ఆ వేరియంట్ ఇంక తెప్పియ్యకుండ్రి, ఈ మూడు ముందు అమ్మాలె" అని చెప్పగలిగిన రోజు నుంచి ఓనర్ మనల్ని పేరుతోని పిలుస్తడు. నాకు ఆరేండ్లు పట్టింది, మీకు గన్ని పట్టొద్దనే చెప్తున్న.

నా మొదటి దసరా గురించి చెప్త. ఛాసిస్ నంబర్ల 17 అక్షరాలు ఉంటయి, అండ్ల ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటి, సున్నా అనుకొని పొరపాటు పడ్తమని. కానీ బీ ఉంటది, ఎనిమిదీ ఉంటది. తెల్లారి ముప్పై అయిదు డెలివరీలు, రాత్రి పదకొండింటికి నేను బీ ఉన్నకాడ ఎనిమిది కొట్టిన. ఇన్వాయిస్ల ఎట్లుంటే ఇన్సూరెన్స్ గట్లనే పోయింది, ఫారం 21, అంటే మనమిచ్చే సేల్ సర్టిఫికెట్, అదీ గట్లనే. బండి రోడ్డు మీద నడవనీకి పనికొస్తదని కంపెనీ ఇచ్చే ఫారం 22ల ఒక్కదాంట్లనే కరెక్టు నంబర్ ఉంది, ఎవ్వలూ పక్కన పెట్టి చూడలే. బండికి భద్రకాళి గుడి కాడ పూజ అయింది, నిమ్మకాయలు తొక్కిచ్చిన్రు, ఊరికి పోయింది. రిజిస్ట్రేషన్‌కు పోతే ఛాసిస్ మీద కాయితం పెట్టి పెన్సిల్‌తోని రుద్దిన ప్రింట్ ఉంటది గదా, అది చూసి ఫైలు వాపస్ ఇచ్చిన్రు. కస్టమర్ నర్సంపేట దిక్కు రైతు, పాపం ఆయన ఒక్క మాట అనలే గానీ మా మేనేజర్ అందరి ముంగట తిట్టిండు. తిట్టుడు అందరికీ వస్తది, సరిచేసుడు ఎట్లనో ఆ షోరూంల ఎవ్వలకూ సక్కగ తెల్వదు! టీఆర్, అంటే టెంపరరీ రిజిస్ట్రేషన్, దాని గడువు అప్పుడు నెల రోజులే, ఇన్సూరెన్సోళ్లతోని ఎండార్స్‌మెంట్, అంటే పాలసీల నంబర్ మార్పిచ్చుడు, బ్యాంకు లెటర్, ఇన్వాయిస్ మళ్ల చేసుడు, నేనే ఆ ఫైలు సంకల పెట్టుకొని పన్నెండు రోజులు తిరిగిన. ఏ కాయితం ఎవల టేబుల్ మీద ఆగుతదో గప్పుడు తెలిసింది. తర్వాత మా ఆర్టీవో పని చూసే అన్న మానేసి పోతే అందరూ నా దిక్కే చూసిన్రు. నా మొదటి ప్రమోషన్ అదే.

డబ్బుల సంగతి ఇంకో తీరు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మినోళ్లు సంచి పట్టుకొని వస్తరు, "బిడ్డా, పైసలు పైసలే గదా, లెక్కవెట్టుకో" అంటరు. 2017 ఏప్రిల్ నుంచి ఒక్క లావాదేవీకి 2 లక్షలు, అంతకు పైన నగదు తీస్కోవద్దు, తీస్కుంటే ఎంత తీస్కున్నమో అంత పెనాల్టీ, అదీ తీస్కున్నోళ్ల మీద. మూడు రసీదులు చింపి ఇస్తే అయిపోతది అనే సేల్స్ పిలగాడు ప్రతి షోరూంల ఒకడుంటడు, ఎన్ని చింపినా అవి ఒక్క కారుకే గదా, అట్ల చెల్లదు. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే మేము వసూలు చేసి కట్టే ఇన్‌కం ట్యాక్స్, అది కూడా ఉంటది, 12 లక్షల కారుకు 12 వేలు, అది మేము మింగేది కాదు, మీ పాన్ మీద కనవడ్తది, రిటర్న్ వేస్తే లెక్కలకు వస్తది అని మన తెలుగుల నిమ్మలంగ చెప్పొస్తే సగం లొల్లి అక్కడనే అయిపోతది. అకౌంట్స్ అంటే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే అనుకోకుండ్రి, మనిషితోని మాట్లాడుడు కూడా.

వారంటీ క్లర్క్ నౌకరీని ఎవ్వలూ పట్టించుకోరు, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. వారంటీ కింద తీసేసిన పాత పార్టుకు ట్యాగ్ కట్టి కంపెనీ పారేయమనేదాకా దాచి, టైముకు కంపెనీకి క్లెయిమ్ వెయ్యాలె, లేకపోతే ఆ పైసలు డీలర్ జేబులకెల్లి పోయినట్టే. కారు అమ్మితే మిగిలేది తక్కువ, సర్వీసు, ఇన్సూరెన్సే షోరూంను నిలబెడ్తయి.

ఇగ రూల్ మారినప్పుడల్లా ముంగటోళ్లు భయపడ్తరు, వెనక గదిలోళ్లకు పని దొరుకుతది. 2020 మార్చి 31 బీఎస్4, అంటే పాత పొగ రూల్ బండ్లకు ఆఖరు అనుకుంటే ఆ నెల చివర్ల లాక్‌డౌన్ పడింది, ఏ బండికి రిజిస్ట్రేషన్ అయింది, ఏది ఆగింది అని ఇంట్ల కూసొని లిస్టు తీసినోళ్లే ఆ యేడు నౌకరీ కాపాడుకున్నరు. 2024ల నంబర్ ప్లేట్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది, అది అల్కగనే అయింది. మొన్న 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకుముందు నెల రోజులు కొనేటోళ్లు ఆగిన్రు, పాత స్టాక్ మీద జీఎస్టీకి అదనంగ కట్టిన సెస్ ఏం కావాలె అని మేము తల పట్టుకున్నం, సరిగ్గా దసరా ముందు!

కష్టం చెప్పకపోతే అబద్ధమైతది. నెలాఖరు రాత్రులు ఇంటికి పోవుడు లేటే. సద్దుల బతుకమ్మ నాడు నేను ఇంట్ల ఉన్నది ఇన్నేండ్లల్ల రెండు సార్లు, మా అత్తమ్మ ఇప్పటికీ అంటది. మొదటి జీతం నాలుగున్నర వేలు, సేల్సోళ్లకు ఇన్సెంటివ్ వస్తుంటే మనం చూసుకుంట కూసోవాలె.

ఇంటర్వ్యూకు వచ్చినోళ్లకు నేను ప్రశ్నలు ఏమడగ. ఒక పాత ఫైలు ఇస్త, ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, ఫారం 20 అంటే రిజిస్ట్రేషన్ దరఖాస్తు, 21, 22, బ్యాంకు డీవో అంటే కారు ఇయ్యమని బ్యాంకు రాసే డెలివరీ ఆర్డర్, అండ్ల ఒక తప్పు నేనే పెట్టి ఉంచుత, పది నిమిషాలు టైం. ఎక్సెల్ల పివట్ వస్తదని చెప్పినోళ్లు చానామంది ఆ తప్పు దొరకవట్టలే. మొన్న ఒక చెల్లె, పరకాల నుంచి, తప్పు పట్టి ఇంకోటి కూడా చూపిచ్చింది, డీవోల ఇంటి పేరు వేరే ఉందని. అది నేను పెట్టింది కాదు, నిజంగనే తప్పు పోయింది, ఎనిమిదేండ్ల సంది ఆ ఫైల్లనే ఉంది. సోమవారం జాయిన్ అయింది.

ఒక ఫైలు ఇప్పుడు కూడా తెచ్చిన, మేడం టేబుల్ మీద ఉంది, చూస్తమన్నోళ్లు రాండ్రి.