ఎంటర్ కొడితే కవితైపోతుందా?

నమస్తే. ఈ మాట ఇంకోసారి వింటే నాకు బీపీ వచ్చేలా ఉంది: "వచన కవితలో ఏముందండీ, వాక్యం రాసి నాలుగు చోట్ల ఎంటర్ కొట్టడమేగా!"

సరే, కొడదాం.

[స్క్రీన్ మీద]
అన్నయ్య వస్తాడని
అమ్మ తలుపు
వేయలేదు

ఏమైనా జరిగిందా? కాస్త జరిగింది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, కాదనే మాట దానికే అతుక్కుని ఉంటుంది. 'తలుపు' దగ్గర ఆపితే అమ్మ వేసిందో తీసిందో తెలీదు. ఆ కాస్త టెన్షన్ భాషే ఇచ్చేసింది, కవి కష్టపడిందేమీ లేదు. అందుకే అందరూ ఇదే వాడి వాడి అరగదీశారు.

ఇప్పుడు ఇది చూడండి.

[స్క్రీన్ మీద]
అన్నయ్య వస్తాడు
అని
అమ్మ తలుపు వేయలేదు

'వస్తాడని'లో సంధి విప్పాను. కొత్త పదం ఒక్కటీ వేయలేదు. కానీ మొదటి లైన్ చదువుతున్నంతసేపూ అన్నయ్య రావడం ఖాయం. 'అని' దగ్గరికి రాగానే అది అమ్మ అనుకుంటున్న మాటని తెలిసిపోతుంది. ఇక వస్తాడో రాడో మనకి తెలీదు. ఒక లైన్‌లో ఇచ్చింది తర్వాతి లైన్‌లో లాగేసుకున్నాం. నాకైతే తెలుగు కవికి 'అని'ని మించిన ఆయుధం లేదనిపిస్తుంది.

పద్యంలో లైన్ ఎక్కడ విరవాలనే ఈ తలనొప్పి లేదు. ఉత్పలమాలలో 20 అక్షరాలు నిండాయా, పాదం అయిపోయింది, మాట సగంలో ఉన్నా సరే. అక్కడ ఎందుకు విరిచావని కవిని ఎవరూ అడగరు. వచన కవిత కోసం 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టిన కవి కుందుర్తి ఆంజనేయులు బాటలో ఛందస్సు వదిలేశామంటే, ఆ ప్రశ్న మన మెడకి చుట్టుకున్నట్టే.

అన్నట్టు, శ్రీశ్రీ రాసిందంతా వచన కవితేననుకునేవాళ్లు 'నేను సైతం ప్రపంచాగ్నికి' మాత్రలు (లఘువుకి ఒకటి, గురువుకి రెండు) లెక్కపెట్టండి. 'నేను సైతం' ఏడు, 'ప్రపంచాగ్నికి' ఏడు. అది పక్కా లయ.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. లైన్ల వరస మార్చండి:

[స్క్రీన్ మీద]
అమ్మ తలుపు వేయలేదు
అన్నయ్య వస్తాడు
అని

ఇప్పుడు వాక్యం పూర్తయినా ఎదురుచూపు పూర్తి కాలేదు. 'అని'కి ముందు ఒక ఖాళీ లైన్ వదిలితే ఇంకా సాగుతుంది. రెండు వదిలారో, సీరియల్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మొదలైనట్టే. లైన్‌కో చుక్క, మూడు చుక్కలు పెట్టే అలవాటుంటే మానేయండి, విరుపే ఆ పని చేస్తుంది.

చివరగా, పొడుగు లైన్లు ఫోన్‌లో చోటు చాలక వాటంతటవే విరిగిపోతాయి. అలా విరిచింది ఫోనని చదివేవాళ్లకి తెలీదు, మీ లెక్కలోనే వేస్తారు. పోస్ట్ చేసేముందు చిన్న స్క్రీన్ మీద ఒకసారి చూసుకోండి.