టోపీ మాత్రం చెక్కుచెదరలేదు

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్నది పికాసో వేసిన ‘ఏడుస్తున్న స్త్రీ’. తెర మీద ఇంత పెద్దగా ఉంది గానీ, అసలు బొమ్మ ఎత్తు రెండడుగులే. లండన్‌లోని టేట్ మ్యూజియం వారిది. దీన్ని నైరూప్య చిత్రం, అంటే గుర్తుపట్టే రూపాలేవీ లేని బొమ్మ, అంటుంటారు. నాకైతే ఆ మాట పూర్తిగా అతకదు. కళ్లు, పళ్లు, గోళ్లు, చేతిరుమాలు అన్నీ ఉన్నాయి. ఉండాల్సిన తీరులో లేవు, అంతే.

ఎరుపంటే కోపం, పసుపంటే శుభం అనుకుంటూ బొమ్మలు చూడటం మనకు అలవాటు. ఈమె మొహం నిండా పసుపూ ఆకుపచ్చా. మరేం శుభం జరిగింది? రంగుకు అర్థం వెతకడం కాసేపు ఆపి, రంగు ఎక్కడ ఆగిపోయిందో చూడండి. నోటి చుట్టూ. అక్కడ రంగంతా కడిగేసినట్టు తెలుపు, చల్లటి నీలం. గీతలు పగిలిన గాజుపెంకుల్లా ఉన్నాయి. ఏది వేలు, ఏది రుమాలు అంచు, ఏది కన్నీరు? విడదీయలేం.

ఇప్పుడు పైకి చూడండి. ఎర్ర టోపీ, దాని మీద నీలం పువ్వు, చక్కగా దువ్విన జుట్టు. టోపీ కూడా ముక్కలై ఉంటే ‘పికాసో అంతేలే’ అని సరిపెట్టుకునేవాళ్లం. 1910లో ఆయన వేసిన, చిత్రాల వ్యాపారి కాన్‌వైలర్ చిత్రంలో మనిషీ గదీ ఒకేలా ముక్కలయ్యాయి, రంగులూ గోధుమ, బూడిద ఛాయలే. అక్కడ పగలడం బాధ కాదు, వస్తువును నాలుగు వైపుల నుంచీ చూసే పద్ధతి. ఇక్కడ అదే పద్ధతి నొప్పి ఉన్నచోటే పనిచేసింది.

1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద బాంబులు పడ్డాయి. ఆ ఘోరం మీద వేసిన ‘గెర్నికా’ అనే పెద్ద చిత్రాన్ని పికాసో నలుపు, తెలుపు, బూడిద రంగులతోనే ముగించాడు. సరిగ్గా ఆరు నెలలకు, అక్టోబరు 26న, ఈ బొమ్మ. అక్కడ బిగబట్టిన రంగులన్నీ ఇక్కడ బయటపడ్డాయనిపిస్తుంది నాకు.

ఈ మొహానికి ఆధారం డోరా మార్. ఆవిడ ఫొటోగ్రాఫర్, ఆ పెద్ద చిత్రం తయారవుతుంటే దశలవారీగా ఫొటోలు తీసింది ఆవిడే. ఉత్త ఏడుపు మనిషిగా గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

చివరగా ఒక పని చేయండి. అరచేయి అడ్డంపెట్టి మొహం మూసేసి, టోపీ ఒక్కటే చూడండి. సింగారించుకుని ఎక్కడికో బయల్దేరిన మనిషి. ఇప్పుడు చేయి తీయండి.