ఆ గోల ఉండనివ్వండి

అధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం. రికార్డింగ్ నాణ్యత మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. అధ్యక్షులవారు అప్పుడే వాచీ చూసుకున్నారు, కాబట్టి మిగతా మర్యాదలు వదిలేస్తాను.

కెనడాలో రష్ అని ఓ బ్యాండు. ముగ్గురే మనుషులు: గెడ్డీ లీ, అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్స్ మీద నీల్ పియర్ట్. 2002 నవంబర్ 23న బ్రెజిల్‌లోని రియోలో, మరకానా ఫుట్‌బాల్ స్టేడియంలో కచేరీ చేశారు. జనం 40 వేలు. వాన, పైగా సామాను లారీలు ఆలస్యం. సౌండ్ చెక్ లేకుండానే స్టేజీ ఎక్కేశారు. మరుసటి ఏడాది అదే మూడు సీడీల ‘రష్ ఇన్ రియో’గా వచ్చింది.

దీని మీద పాత ఫిర్యాదు ఒకటే. జనం గోల ఎక్కువ, వాద్యాలు విడివిడిగా వినబడవు అని. నేనూ అదే అన్నాను, అందులో ‘వైవైజడ్’ అనే పాట వచ్చేదాకా.

వైవైజడ్ అంటే టొరంటో విమానాశ్రయం కోడ్. ఆ మూడక్షరాల మోర్స్ సంకేతమే, అంటే టెలిగ్రాఫులో పొట్టి, పొడుగు చప్పుళ్లతో అక్షరాలు పంపే పద్ధతే, పాట మొదట్లో తాళం. ఇదిగో, బల్ల మీద కొడతాను, వినండి... అలా. సాహిత్యం ఒక్క ముక్క లేదు. మాటల్లేని ఆ పాటని రియో జనం పాడారండీ! గిటార్ ఎటు పోతే అటు, ‘ఓ ఓ’ అంటూ!

పియర్ట్ కూతురు 1997లో కారు ప్రమాదంలో పోయింది. మరుసటేడు భార్య క్యాన్సర్‌తో పోయింది. మోటార్‌సైకిలెక్కి ఎటో వెళ్లిపోయాడు. ఇక వాయించడనే అనుకున్నారు. అలాంటి మనిషి మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చుంటే ఆ జనం పాడరా? దాన్ని గోల అంటారా?

మా మావయ్య రాయబారం సీనులో కృష్ణుడు. పద్యం చివర రాగం తీశాడంటే ‘వన్స్ మోర్’ అని పందిరి లేచిపోయేది. ఆ కేసెట్‌ని సీడీ చెయ్యమని ఓ స్టూడియోలో ఇచ్చాను. “డిస్టర్బెన్స్ అంతా తీసేశాను సార్” అన్నాడు కుర్రాడు. నిజమే, తీసేశాడు. ఇప్పుడు మా పిల్లలు అడుగుతారు, తాతయ్య చెప్పిన పద్యమే మళ్లీ ఎందుకు చెబుతున్నాడని.

సరే, వాచీ మళ్లీ చూస్తున్నారు. వైవైజడ్ ఒక్కటి వినిపించి దిగిపోతాను. బాబూ, వాల్యూమ్ మీద చెయ్యి పెట్టకు.